చెప్పకుండా గేటు కొట్టేవాళ్లు: ఇల్లు అమ్మకానికి పెట్టినవారికి

గోడకు "ఈ ఇల్లు అమ్మబడును" అని బోర్డు కట్టిన మర్నాటి నుంచే గేటు చప్పుడవుతుంది. అన్నం తినేవేళ, పిల్లలకు స్నానాలు పోసేవేళ, పొద్దుగూకి దీపం పెట్టేవేళ. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఇల్లు చూడబోయే ముందు ఫోన్ చేసి టైం అడిగేవాళ్లు తక్కువ. ఎంజీఎం ఆసుపత్రిలో చుట్టాన్ని పలకరించి తిరిగిపోతూ, నర్సంపేట నుంచి పెళ్లికొచ్చి, నిట్‌లో పిల్లవాణ్ని దింపి, "ఎట్లాగు ఈ దిక్కు వచ్చినం గదా" అని బండి ఆపుతారు. వీళ్లలో నిజంగా కొనేవాళ్లుంటారు. గజం ఎంత పలుకుతోందో తెలుసుకుందామని వచ్చే పక్క గల్లీవాళ్లుంటారు. ఇంట్లో ఏముందో, పగలు ఎవరుంటారో కనిపెట్టి పోదామని వచ్చేవాళ్లూ అప్పుడప్పుడు తగులుతారు. గేటు ముందు నిలబడ్డప్పుడు అందరూ ఒక్కతీరే కనిపిస్తారు.

అందుకే వచ్చిన మనిషి తీరును చూసి కాకుండా, ఇంటి భాగాన్ని బట్టి నియమం పెట్టుకోవాలి. బయటి భాగం ఎవరెప్పుడొచ్చినా చూపించండి. లోపలి భాగం మాత్రం పేరు, నంబరు రాసుకుని, టైం ఇచ్చి చూపించండి. ఇంట్లో పెద్దవాళ్ల నుంచి పిల్లల దాకా, పైన కిరాయికున్నవాళ్లకు, పక్కింటివాళ్లకు ఇదే చెప్పిపెట్టాలి. పొద్దున కొడుకు తలుపు బార్లా తీసి చూపించి, సాయంత్రం కోడలు "ఇప్పుడు కాదు" అంటే వచ్చినవాళ్లకు కోపం వస్తుంది. పొద్దున చూసినవాళ్లూ సాయంత్రం వచ్చినవాళ్లూ ఎక్కడో కలుసుకుంటారు మరి.

బోర్డు మీదే టైం రాయండి

బోర్డు మీద ఒక్క ఫోన్ నంబరే ఉంటే జనం గేటే కొడతారు. చూసే వేళలు రాసి ఉంటే చాలామంది అక్కడే ఆగి నంబరు ఫొటో తీసుకుంటారు. రెండడుగులకు మూడడుగుల ఫ్లెక్సీ చాలు. పెద్ద అక్షరాల్లో నాలుగే వరుసలు: ఇల్లు అమ్మబడును; ఎన్ని గజాలు, ఏ ఫేసింగ్; చూసే సమయం; ముందుగా ఫోన్ చేయాలి అన్న మాట, నంబరు. "మధ్యవర్తులు ఫోన్ చేసి రావాలి" అని ఐదో వరుస కలిపినా తప్పు లేదు. బోర్డును గేటుకు కాకుండా పక్క గోడకు కట్టండి. గేటు మీదుంటే చదువుతూ చదువుతూ గొళ్లెం మీద చెయ్యి పడుతుంది.

వేళలు రాసేటప్పుడు కాలాన్ని చూసుకోవాలి. ఎండాకాలంలో సాయంత్రం 5 నుంచి 7 బాగుంటుంది. డిసెంబరులో ఇక్కడ ఆరు కాకముందే చీకటి పడుతుంది, అప్పుడు 4 నుంచి 5.30 అని మార్చండి. లైట్ల వెలుగులో చూసినవాళ్లు ఎట్లాగూ పగలు మళ్లీ చూస్తామంటారు, మీకు రెండు పనులు. ఆదివారం పొద్దున 10 నుంచి 1 వరకు తప్పకుండా పెట్టండి, ఉద్యోగస్తులకు అదే వీలు.

నంబరు కోసం వేరే సిమ్ తీసుకోండి. బోర్డు మీది నంబరు వారం తిరక్కుండానే మీడియేటర్ల వాట్సాప్ గ్రూపులకెక్కుతుంది. లోన్లు ఇస్తామనేవాళ్లు, ప్లాట్లు కొంటారా అనేవాళ్లు మొదలుపెడతారు. ఇల్లు అమ్ముడయ్యాక ఆ సిమ్ పక్కన పడేయొచ్చు. బ్యాంకుకు, ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరును అట్లా పడేయలేరు.

గేటు దగ్గర ఐదు నిమిషాలు

ఎవరైనా పిలిస్తే గేటు లోపలి గొళ్లెం తీయకుండానే మాట మొదలుపెట్టండి. మర్యాదకు లోటేమీ రాదు. "నమస్తే అన్నా, ఇల్లు చూద్దామనా? బయట అంతా ఇప్పుడే చూపిస్తా. లోపలికి సాయంత్రం ఐదు తర్వాత. మీ పేరు, నంబరు చెప్పండి, రాసుకుంటా." ఈ నాలుగు మాటలు ఇంట్లో అందరి నోటికీ రావాలి. వచ్చింది ఆడవాళ్లయితే అక్కా, పెద్దమ్మా. ఉద్యోగస్తుల్లా ఉంటే సార్, మేడం. పిలుపు తియ్యగా ఉంటే నియమం గట్టిగా ఉన్నా ఎవరూ నొచ్చుకోరు.

రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ గేటు దగ్గరి కిటికీలో పెన్నుతో సహా ఉండాలి. తేదీ, టైం, పేరు, ఊరు, నంబరు, ఎవరు చెబితే వచ్చారు, బయట చూశారా లోపల చూశారా, ఎంత చెప్పాం. నంబరు రాసుకున్న వెంటనే అక్కడే ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి. అసలు కొనేవాడి ఫోన్ మోగుతుంది, మీరు "ఇదే మా నంబరు" అంటే సేవ్ చేసుకుంటాడు. వేరే ఉద్దేశంతో వచ్చినవాడు అంకె తప్పు చెబుతాడు, లేదా ఫోన్ బండిలో ఉందంటాడు. వాడితో గొడవ పడక్కర్లేదు, బయట చూపించి పంపించండి. లోపలికి మాత్రం రానివ్వొద్దు.

"ఎవరు చెబితే వచ్చారు" అన్న గడిని ఖాళీగా వదలకండి. రేపు కమీషన్ తగాదా వస్తే అదొక్కటే మీ చేతిలో ఉండే ఆధారం.

రెండు ప్రశ్నలడిగితే మనిషి అవసరం తెలిసిపోతుంది: "మీకు ఎన్ని గజాల్లో కావాలె?", "లోన్ మీద తీసుకుంటరా?" కొనాలనుకునేవాడి దగ్గర ఈ రెండింటికీ తయారుగా జవాబుంటుంది. జవాబు తడబడితే చూసిపోయే మనిషి. చూసిపోయేవాడు పనికిరాడని కాదు. పక్కింటాయన ఊరికే వచ్చి ధర అడిగితే చిరాకు పడతారు చాలామంది. కానీ కొడుక్కో బిడ్డకో ఆనుకునే ఉన్న ఇల్లు కావాలని అందరికంటే ఎక్కువ పెట్టేవాడు చాలాసార్లు ఆ పక్కింటాయనే. ఆయనకు బయటివాళ్లకంటే మంచిగా చూపించండి.

బయట ఏం చూపించాలి

బయట తిరగడానికే పదిహేను నిమిషాల సరుకుంటుంది. రోడ్డు ఎన్ని అడుగులు, ఇంటి చుట్టూ సందు ఎంత వదిలారు, సంపు ఎక్కడ, బోరు ఎన్ని అడుగులు వేశారు, నల్లా కనెక్షన్ ఎటు, కరెంటు మీటర్లు ఎన్ని, బండి లోపలికి వస్తుందా. సంపు మూత ఎప్పుడూ బిగించి, వీలైతే తాళం వేసి ఉంచండి. ఇల్లు చూసేవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు, పెద్దలు గోడల పగుళ్లు చూస్తుంటే పిల్లలు మూతల మీద గెంతుతారు. డాబా మెట్లకు బయటి నుంచే దారి ఉన్నా, పిట్టగోడ లేకపోతే పైకి పంపకండి.

దిక్కుల సంగతి ఇక్కడ తప్పకుండా వస్తుంది. వచ్చినాయన జేబులోంచి ఫోన్ తీసి దిక్సూచి తెరిచి, సరిగ్గా మీ ఇనుప గేటుకు ఆనించి పట్టుకుంటాడు. ముల్లు పక్కకు జరుగుతుంది. "తూర్పు అన్నరు, ఇది ఆగ్నేయం దిక్కు పోతున్నది గదా" అంటాడు. గేటు ఇనుము, ఆగి ఉన్న కారు, గోడలోని సలాకలు, చివరికి ఫోన్ కవరుకుండే అయస్కాంతం కూడా ముల్లును తిప్పేస్తాయి. వాదించొద్దు. గేటుకూ బండ్లకూ ఎనిమిది పదడుగుల దూరంగా రోడ్డు మధ్యలోకి తీసుకుపోయి, కవరు తీయించి, ఫోన్‌ను పడుకోబెట్టి పట్టమనండి. మీరు ముందే అట్లా రెండు మూడు చోట్ల చూసి, డిగ్రీలు కాగితం మీద రాసిపెట్టుకుంటే ఇంకా మంచిది. గేటు దగ్గర పుట్టిన వాస్తు అనుమానం మళ్లీ పోదు. కొనేవాడు ఇంటికెళ్లి పదిమందికి చెప్పి, వాళ్లూ అవునన్నాక ఫోన్ ఎత్తడం మానేస్తాడు.

ఒక పేజీ కాగితం టైపు చేయించి ఇరవై కాపీలు ఉంచుకోండి. గజాలు, దస్తావేజులో ఉన్న నాలుగు వైపుల కొలతలు, ఫేసింగ్, రోడ్డు వెడల్పు, కట్టిన సంవత్సరం, ఎన్ని అర్రలు, కట్టిన విస్తీర్ణం చదరపు అడుగుల్లో, నీటి వసతి, పర్మిషన్ మున్సిపాలిటీదా, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ)దా, పాత గ్రామపంచాయతీదా. గజానికి 9 చదరపు అడుగులు కాబట్టి 150 గజాలంటే 1,350 చదరపు అడుగుల స్థలం. కొందరు స్థలాన్నీ స్లాబునూ కలగలిపి లెక్కేసి తర్వాత గొడవ పడతారు, రెండూ వేరువేరుగా రాయండి. రోడ్డుకు పోయిన జాగా ఉంటే అదీ రాయండి. అడుగులేసి కొలిచేవాడికి అది ఎట్లాగూ దొరుకుతుంది. కాగితం మీద మీ పేరు, ఆధార్ నంబరు వంటివి వద్దు.

అప్పటికప్పుడు లోపలికి రానివ్వాల్సి వస్తే

మంచిర్యాల నుంచో భూపాలపల్లి నుంచో వచ్చి, మళ్లీ రావడం కుదరదనేవాళ్లుంటారు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే, నంబరు సరిపోతే, చూపించొచ్చు. ముందు పది నిమిషాలు అడగండి. వాళ్లను వరండాలో కూర్చోబెట్టి, అక్కడే నీళ్ల బాటిలు, గ్లాసులు పెట్టండి. ఇది మర్యాద కోసమే అయినా ఇంకో ప్రయోజనం ఉంది. "అమ్మా, కొంచెం మంచినీళ్లు" అని మిమ్మల్ని వంటింట్లోకి పంపి హాల్లో చేతివాటం చూపించడం పాత ఎత్తు. నీళ్లు ముందే చేతిలో ఉంటే ఆ మాటకు చోటుండదు.

ఆ పది నిమిషాల్లో ఇల్లు సర్దడం కంటే చిన్న వస్తువులు తీయడం ముఖ్యం. ఛార్జింగ్‌కు పెట్టిన ఫోన్లు, పర్సులు, టేబుల్ మీది బంగారం, బండి తాళాలు, బీరువ తాళం, మందుల డబ్బా, బ్యాంకు కవర్లు, ఆధార్ జిరాక్సులు. అన్నీ ఒక సంచిలో వేసి బీరువలో పెట్టి తాళం చెవి జేబులో వేసుకోండి. దొంగతనం జరిగితే పోయేవి ఇవే, టీవీని ఎవరూ చంకలో పెట్టుకుపోరు. కుక్క ఉంటే కట్టేయండి. తర్వాత కిటికీలు తెరిచి, అన్ని అర్రల్లో లైట్లు వేసి, బాత్రూంలో నేల తుడవండి. అంతకుమించి అక్కర్లేదు. చెప్పకుండా వచ్చినవాడు ఇల్లు అద్దంలా ఉండాలని ఆశించడు.

వచ్చినవాళ్లంతా ఒకే గుంపుగా తిరగాలి. నలుగురొస్తే ఇద్దరు వంటింట్లోకి, ఇద్దరు పడకగదిలోకి విడిపోవడం మామూలే, చాలాసార్లు అందులో దురుద్దేశమేమీ ఉండదు. అయినా "అందరం ఒక్క దగ్గర్నుంచి చూద్దాం రండి" అని కలపండి. మీరు ముందు నడవకండి. వాళ్లను అర్రలోకి పోనిచ్చి మీరు గుమ్మంలో నిలబడండి. మీ ఇంట్లో రెండోవారు హాల్లోనే ఉండాలి. హాలు, వంటిల్లు, అర్రలు, బాత్రూంలు, చివరికి డాబా, ఇదే వరుస ప్రతిసారీ. పూజగది తలుపు దగ్గరి నుంచి చూపించండి. గోడ బీరువలు మీరే తెరిచి మీరే మూయండి. కుళాయిలు వాళ్లనే తిప్పనివ్వండి, నీటి ధార చూడటం వాళ్ల హక్కు.

ఫోన్ ఎత్తి వీడియో కాల్‌లో అమెరికాలో ఉన్న కొడుక్కు చూపిస్తామంటే కాదనకండి, డబ్బు పెట్టేది తరచుగా ఆ కొడుకే. రికార్డు చేయడం వేరు. తలుపుల గొళ్లాలు, కెమెరాలు, బీరువలు, పిల్లలు పడేలా తీయనివ్వొద్దు. ఆ వీడియో గ్రూపుల్లోకి పోయి, మీకు పరిచయం లేని మీడియేటర్ దాన్ని తన ఇల్లన్నట్టు ఇంకో ధర పెట్టి తిప్పుతాడు. ఆ ధర విని వచ్చిన మనిషితో మీకు గొడవ. కావాలంటే మీరే సామాను లేని గోడలు, అర్రలు తీసిన రెండు నిమిషాల వీడియో ఒకటి తయారుగా ఉంచుకుని పంపండి.

పగలు ఒక్కరే ఉండే ఇంట్లో

ఇంట్లో ముసలి తల్లిదండ్రులో, ఒక్క ఆడమనిషో ఉన్నప్పుడు లోపలి చూపు పూర్తిగా బంద్. గ్రిల్ తాళం వేసే ఉండాలి. నోట్‌బుక్ పక్కన పదో ఇరవయ్యో చిన్న చీటీలు, వాటి మీద ఫోన్ నంబరు, చూసే వేళలు ఉంచితే, బాపు గ్రిల్ సందులోంచి చీటీ అందించి "మా కొడుకుతోని మాట్లాడుండ్రి" అంటే సరిపోతుంది. "ఇంట్ల ఎవ్వరు లేరు", "మా ఆయన రాత్రికొస్తడు" అన్న మాటలు నోట రాకూడదు. "ఇప్పుడు వీలు కాదు, ఐదింటికి రండి" అని మాత్రమే అనాలి. మున్సిపాలిటీ నుంచి, బ్యాంకు నుంచి ఇల్లు కొలవడానికి వచ్చామంటే గుర్తింపు కార్డు ఫొటో తీసుకుని బయటే నిలబెట్టండి. కొనేవాడు లోన్‌కు పెట్టుకున్నప్పుడు బ్యాంకు తరఫున విలువ కట్టే మనిషి నిజంగానే వస్తాడు, అయితే అది మీరు అగ్రిమెంట్ చేసుకున్న తర్వాతి మాట. బేరమే కుదరకముందు వచ్చాడంటే అనుమానించాలి. కదలకుండా నిలబడి సతాయిస్తే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయడానికి మొహమాటపడొద్దు.

మీడియేటర్ పార్టీని వెంటేసుకొస్తే

చెప్పకుండా వచ్చేవాళ్లలో ఎక్కువ తలనొప్పి వీళ్లతోనే. మీడియేటర్‌కు టైం డబ్బు. పార్టీ బండెక్కిన క్షణానే నాలుగు ఇళ్లు చూపించాలనుకుంటాడు. పైగా మీకు ఫోన్ చేస్తే మీరు "రేపు" అంటారని భయం. ఇల్లు అమ్మకానికి పెట్టిన మొదటి రోజే, పని అప్పగించిన ప్రతి మీడియేటర్‌తో మూడు విషయాలు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తేల్చుకోండి: అందరికీ చెప్పే ధర, కమీషన్ ఎంత శాతం, రావడానికి కనీసం గంట ముందు ఫోన్. ఫోన్ లేకుండా తెచ్చిన పార్టీకి బయట మాత్రమే చూపిస్తామని అప్పుడే చెప్పండి, రెండుసార్లు అట్లా జరిగితే దారికొస్తాడు.

పార్టీ ముందు మీడియేటర్‌తో ధర మాట్లాడకండి. మీరు 70 లక్షలని చెప్పిన ఇంటిని అతను 74 అని చెప్పి తెచ్చి ఉండొచ్చు. మీ నోట వేరే అంకె వచ్చిందంటే ముగ్గురి మధ్యా నమ్మకం పోతుంది, పార్టీ పోతుంది. అందుకే అందరికీ ఒకటే ధర అన్న ఏర్పాటు ముందే ఉండాలి. ఇక పార్టీ నాలుగు రోజుల తర్వాత మీడియేటర్ లేకుండా మెల్లగా వచ్చి "మనం మనం మాట్లాడుకుందాం" అంటే, నోట్‌బుక్ తీసి మొదటిసారి ఎవరితో వచ్చారో చూడండి. అతని కమీషన్ ఎగ్గొట్టి మిగిలేది తక్కువ. రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల దగ్గర జరిగే లొల్లి పెద్దది. అదే పార్టీ మొదట సొంతంగా వచ్చి, తర్వాత ఎవరో "నేనే తెచ్చిన" అంటే, అదే పేజీ చూపించండి.

పైన కిరాయికున్నవాళ్లు

వాళ్ల పోర్షన్‌ను చెప్పకుండా చూపించకూడదు, ఒక రోజు ముందు అడిగి వాళ్లకు వీలైన వేళ తీసుకోండి. ఇల్లు అమ్మితే అడ్వాన్స్ ఎవరిస్తారు, ఎప్పుడు ఖాళీ చేయమంటారు అన్న భయం వాళ్లకుంటుంది. అది తీర్చకపోతే మెట్ల మీద ఎదురైన పార్టీతో "నీళ్లకు తిప్పలే సార్" అని ఒక్క మాట అంటారు, మీ బేరం అక్కడే ఆగుతుంది. అడ్వాన్స్ మీరే తిరిగిస్తారని, ఖాళీ చేయడానికి ఎన్ని నెలలిస్తారో కాగితం మీద రాసిచ్చేయండి.

గేటు దగ్గరే అడిగేవి

ధర, "ఎందుకు అమ్ముతున్నరు" అన్నదానికి ఇంటిల్లిపాదీ ఒకటే జవాబు చెప్పాలి. ధర దాచొద్దు. అంకె చెప్పకపోతే కొనేవాడు విసుగు పడతాడు, ఊరికే వచ్చినవాడు మళ్లీ వస్తాడు. "చెప్పే ధర ఇది, కూర్చున్నప్పుడు మాట్లాడుకుందాం" అనండి. చివరి ధర గేటు దగ్గర అస్సలు చెప్పొద్దు. అమ్మే కారణం పొట్టిగా ఉండాలి: హైదరాబాద్ పోతున్నాం, పెద్ద ఇల్లు తీసుకుంటున్నాం. బిడ్డ పెళ్లి, అప్పు అన్న మాటలు బయటపడితే ధర వాటి చుట్టే తిరుగుతుంది.

వరద గురించి అడక్కుండా పోరు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నయీంనగర్ నాలా వెంట, హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునగడం ఊరందరికీ గుర్తుంది. మీ గల్లీలోకి నీళ్లొస్తే ఎంత ఎత్తు వచ్చాయో, బేస్‌మెంట్ దాటాయో లేదో ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు దాచినా మూలమీది కిరాణా దుకాణం దాచదు. మామూలుగా చూస్తే కొనేవాడికి తెలియని పెద్ద లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం కూడా అంటుంది.

కాగితాలు అడిగితే ఒరిజినల్స్ బయటికి తీయకండి, జిరాక్సులూ ఇవ్వకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు, దస్తావేజు నంబరు, సంవత్సరం ఒక చీటీ మీద రాసిస్తే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం) వాళ్లే చూసుకోవచ్చు. నిజంగా ముందుకొచ్చినవాడికి జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే, వేలిముద్రలున్న పేజీలు పక్కన పెట్టి, మిగతా ప్రతి పేజీ మీద అడ్డంగా "ఫలానావారికి పరిశీలన కోసం మాత్రమే" అని తేదీతో రాయండి.

వచ్చీ రాగానే బయానా ఇస్తానంటే

"ఈ రోజు మంచిగున్నది, పదకొండు వేలు పెట్టుకోండి" అని చేతిలో పెట్టబోయేవాళ్లుంటారు. మొదటి చూపులో డబ్బు ముట్టొద్దు. తీసుకున్నారంటే మిగతా పార్టీలకు "అయిపోయింది" అని చెప్పాల్సి వస్తుంది. ఇతనేమో లోన్ రాలేదనో, అన్నకు నచ్చలేదనో రెండు నెలలు లాగుతాడు. చిన్న బయానాతో ఇంటిని పట్టి పెట్టి, ఇంకొకరికి ఎక్కువకు తిప్పే ఆలోచన ఉన్నవాళ్లు తొందరపెట్టేది కూడా ఇందుకే. రెండోసారి ఇంటివాళ్లతో కలిసి వచ్చి, కూర్చుని ధర తేల్చుకున్నాకే తీసుకోండి. బ్యాంకు ద్వారానే. మొత్తం ధర, మిగతాది ఎప్పటిలోగా, ఆగిపోతే బయానా ఏమవుతుంది అన్నవి రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. ఇల్లు, జాగా అమ్మకంలో రూ.20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానా పడే నియమం ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. ఫోన్‌లోనే బేరం కుదిర్చి, టోకెన్ పంపుతాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

తాళం వేసిన ఇల్లు

ఓనర్లు హైదరాబాద్‌లో ఉండి ఇక్కడి ఇల్లు అమ్ముతుంటే, తాళం చెవి ఏ మీడియేటర్ చేతికీ ఇవ్వకండి. ఒకరికిస్తే నలుగురి చేతులు మారుతుంది. నమ్మకమైన పక్కింటివాళ్లో, చుట్టాలో ఒక్కరి దగ్గరే ఉండాలి. వాళ్లకు కూడా వారానికి రెండే రోజులు, రెండే గంటలు చెప్పండి, లేకపోతే నెలకే విసిగిపోతారు. లోపల మెయిన్ స్విచ్ ఆపి, చూపించేటప్పుడే వేయించండి. ఉంటున్న ఇంటికైనా, బతుకమ్మకు ఊరెళ్లేటప్పుడు, మేడారం పోయేటప్పుడు బోర్డు విప్పి లోపల పెట్టి పోవాలి. అమ్మకం బోర్డు, బయట తాళం రెండూ కలిసి కనిపిస్తే ఇంట్లో ఎవరూ లేరని చాటినట్టే. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లొచ్చు కూడా.

అగ్రిమెంట్ అయిన రోజే బోర్డు తీసేసి, మీడియేటర్లందరికీ మెసేజ్ పెట్టి, ఓఎల్ఎక్స్‌లాంటి చోట పెట్టిన ప్రకటనలు తొలగించండి. అయినా నెలా రెండు నెలలు గేటు చప్పుడవుతూనే ఉంటుంది. వచ్చినవాళ్ల పేర్లు, నంబర్లు అప్పుడు కూడా రాసుకోండి, కుదిరిన బేరం తప్పిపోతే మొదట ఫోన్ చేయాల్సింది వాళ్లకే. నోట్‌బుక్ మాత్రం రిజిస్ట్రేషన్ అయి, కమీషన్ లెక్కలు తెగేదాకా పారేయకండి.